ఫ్లోరైడ్ మీద టీమ్ ప్రాజెక్ట్: ర్యాలీనా, నీటి పరీక్షా?

నల్గొండ పల్లెల్లో హైస్కూలు పిల్లలు ఫ్లోరైడ్ మీద ప్రాజెక్ట్ అనుకోగానే ముందు తట్టేది ర్యాలీ. ఒక్క పూటలో అయిపోతుంది, ఖర్చు చార్టులకే. కానీ ఫ్లోరైడ్ ఎంత చెడ్డదో ఆ ఊళ్లకు కొత్తగా చెప్పాలా? పెద్దవాళ్ల వంకర తిరిగిన కాళ్లే చెబుతాయి.

బోర్ల నీటి పరీక్షకు కొన్ని వారాలు పడుతుంది, టెస్ట్ కిట్ కావాలి. అయితే పని అందరికీ దొరికేది ఇందులోనే: ఒకరు నమూనాలు తెస్తారు, ఒకరు రీడింగులు రాస్తారు, ఇంకొకరు ఊరి మ్యాప్ గీస్తారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరుకు ఎర్ర గుర్తు పెట్టి, మ్యాప్‌ను పంచాయతీకి ఇవ్వాలి. కాచినా ఫ్లోరైడ్ పోదు కాబట్టి ఏ బోరు నీళ్లు తాగకూడదో తెలియడం చాలా అవసరం. టైమ్ చాలకపోతే నాలుగు బోర్లే చూడండి. నా ఓటు మాత్రం పరీక్షకే.