యూనిట్రాన్స్: డేవిస్‌లో ఇల్లు చూసే ముందు చూడాల్సిన బస్సు

కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్‌లో సీటొచ్చినవాళ్లు ముందు అద్దె చూస్తారు, తర్వాత క్యాంపస్‌కి ఎన్ని మైళ్లో చూస్తారు. బస్సు సంగతి దిగాక చూసుకుందాంలే అనుకుంటారు. ఈ వరస తిరగేయాలి. ముందు ఊళ్లో తిరిగే బస్సు సర్వీసు యూనిట్రాన్స్ మ్యాప్, ఆ తర్వాతే అపార్ట్‌మెంట్ల జాబితా. ఈ ఊళ్లో ఇళ్లు ఎక్కడ లేవాలి, ఎక్కడ లేవకూడదు అన్నది పాతికేళ్లుగా బిల్డర్లు కాదు, ఓటర్లు తేలుస్తున్నారు. బస్సు ఆ తీర్పుల వెంటే తిరుగుతుంది.

1968లో లండన్ నుంచి తెప్పించిన రెండు పాత డబుల్ డెక్కర్లతో విద్యార్థి సంఘం మొదలుపెట్టిన సర్వీసు ఇది. నేటికీ డ్రైవర్లు విద్యార్థులే. పొద్దున మీ పక్కన కూర్చుని లెక్చర్ విన్న అమ్మాయి సాయంత్రం స్టీరింగ్ పట్టుకుని కనబడొచ్చు. కంగారు అక్కర్లేదు, పెద్ద బండ్ల లైసెన్సు వచ్చాకే చేతికి బస్సు ఇస్తారు. నడపడం నిదానం, బ్రేకు మెత్తన. పాత లండన్ బస్సు కనబడితే ఒకసారి ఎక్కి చూడండి: డ్రైవరు ముందు విడి గదిలో కుడివైపు కూర్చుంటాడు, అందుకని వెనక కండక్టరు ఉంటాడు, తలుపు లేని ఫుట్‌బోర్డు ఉంటుంది. అమెరికాలో ఫుట్‌బోర్డు చూస్తే మనవాళ్లకి ప్రాణం లేచొస్తుంది గానీ, వేలాడనివ్వరు.

లైన్లకి నంబర్లు కాదు, అక్షరాలు. క్యాంపస్‌లో రెండు బస్టాండ్లున్నాయి, మెమోరియల్ యూనియన్ ఒకటి, సైలో ఒకటి. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఆండర్సన్, అల్వరాడో, నార్త్ సికమోర్ వైపు వెళ్లే జి లైన్ మెమోరియల్ యూనియన్ నుంచి బయల్దేరుతుంది. అదే పేటకి వెళ్లే జె లైన్ సైలో నుంచి. కంప్యూటర్ సైన్స్ వాళ్ల కెంపర్ హాల్‌కి సైలో దగ్గర. కాబట్టి ఫలానా వీధికి బస్సుందా అని అడిగితే సరిపోదు, మీ డిపార్ట్‌మెంట్ పక్క బస్టాండుకి ఉందా అని అడగాలి. పి, క్యు లైన్ల తీరు వేరు. రెండూ ఊరి చుట్టూ తిరిగేవే, క్యు గడియారం ముల్లు తిరిగే దిక్కున, పి దానికి ఎదురు. తప్పుది ఎక్కితే పది నిమిషాల్లో దిగాల్సిన చోటుకి ఊరంతా చుట్టి చేరతారు.

చార్జీ విషయం. అండర్‌గ్రాడ్యుయేట్లు కట్టే ఫీజులోనే బస్సు డబ్బులు ఉంటాయి, కార్డు చూపించి ఎక్కేస్తారు. ఎమ్మెస్, పీహెచ్‌డీ వాళ్లు సీనియర్ మాట నమ్మి ఎక్కకుండా, తమ కార్డు చెల్లుతుందో లేదో క్వార్టర్ (అక్కడి చదువు టర్మ్) మొదట్లోనే యూనిట్రాన్స్ ఆఫీసులో కనుక్కోవాలి.

ఇక లోపాలు. వాన పడిన రోజు సైకిళ్లవాళ్లందరూ ఒక్కసారిగా బస్సు మీద పడతారు. 1967లోనే రోడ్ల మీద సైకిల్ లేన్లు గీసుకున్న ఊరు కదా, ఆ జనం చిన్నదేం కాదు. లైను చివర ఎక్కినవాళ్లతోనే సీట్లు నిండిపోయి, క్యాంపస్‌కి దగ్గరి స్టాపుల దగ్గర బస్సు ఫుల్ బోర్డు పెట్టుకుని ఆగకుండా పోతుంది. అంటే దగ్గరని మురిసిపోయి ఎక్కువ అద్దె పోసినవాళ్లే వాన రోజున స్టాపులో మిగిలిపోతారు. రద్దీ గంటల్లో కొన్ని లైన్లకి అదనపు బస్సులు తోలతారు, కానీ వాటిని నమ్ముకుని పరీక్షకి బయల్దేరకూడదు. ఒక బస్సు ముందే ఎక్కాలి, లేదా రెండు స్టాపులు వెనక్కి నడిచి ఎక్కాలి. శనాదివారాల్లో సర్వీసులు పల్చన, సెలవుల్లో ఇంకా పల్చన. ల్యాబులో రాత్రి పొద్దుపోయేదాకా ఉండేవాళ్లకి సైకిల్ తప్పదు.

మరి బస్సులు పెంచొచ్చు కదా? పెంచాలంటే ఒక స్టాపు చుట్టూ కావలసినన్ని మంచాలు ఉండాలి (విద్యార్థుల ఇళ్లని ఎంతమంది ఉండొచ్చో మంచాల లెక్కన చెబుతారు). ఉంటే పదిహేను నిమిషాలకో బస్సు నిండుతుంది, లేకపోతే అరగంటకో బస్సు కూడా ఖాళీగా తిరుగుతుంది. ఆ మంచాలు ఎక్కడ వెయ్యాలన్నదే ఊరి తగాదా.

2000 మార్చిలో డేవిస్ ఓటర్లు మెజర్ జె అనే నియమం తెచ్చుకున్నారు. పొలాన్ని గానీ ఖాళీ భూమిని గానీ కట్టడాలకి మార్చాలంటే కౌన్సిల్ ఒప్పుకుంటే చాలదు, ఊరంతా ఓటెయ్యాలి. 2010లో ఒకసారి, 2020లో ఒకసారి దాన్ని పొడిగించుకున్నారు. ఇప్పుడది 2030 దాకా ఉంది. 2005లో ఊరికి ఉత్తరాన కోవెల్ విలేజ్ పేరుతో 1,800 పైచిలుకు ఇళ్లు కడతామని వస్తే జనం కాదన్నారు. 2009లో వైల్డ్‌హార్స్ రాంచ్ అనే ఇళ్ల ప్రతిపాదననీ కాదన్నారు. కోవెల్ పొలానికి ఆ తర్వాత విలేజ్ ఫార్మ్స్ పేరుతో మళ్లీ ప్రతిపాదన వచ్చింది.

వద్దనేవాళ్లని ఊరికే తీసిపారేయడానికి లేదు. యోలో కౌంటీది టమాటా పండే మేలైన నేల, ఒకసారి కాంక్రీటు పోస్తే మళ్లీ పొలం కాదు. దక్షిణ డేవిస్‌ని డౌన్‌టౌన్‌తో కలిపే రిచర్డ్స్ అండర్‌పాస్ ఇరుకు. దాన్ని వెడల్పు చేద్దామంటే 1997లో జనమే ఓటేసి వద్దన్నారు. అభివృద్ధి అంటే ముందు అనుమానించడం ఈ ఊరి నైజం. పోల్ లైన్ రోడ్డు వంతెన కింద కప్పలు దాటడానికి సొరంగం వేసిన ఊరు మరి!

కానీ లెక్క ఎదురు తిరుగుతోంది. ఊరి జనాభా 67 వేల దగ్గర, యూనివర్సిటీలో విద్యార్థులు 40 వేల దాకా. 2016 సర్వేలో ఖాళీగా ఉన్న అపార్ట్‌మెంట్లు 0.2 శాతం, అంటే వెయ్యిటికి రెండు. ఊళ్లో చోటు దొరకనివాళ్లు వుడ్‌లాండ్‌లోనో డిక్సన్‌లోనో వెస్ట్ శాక్రమెంటోలోనో ఉండి కారేసుకుని వస్తారు. ట్రాఫిక్ పెరుగుతుందని వద్దన్న ఇళ్ల ట్రాఫిక్ ఎలాగూ వచ్చింది, వచ్చిన తేడా ఒక్కటే, అది బస్సెక్కదు. ఈ వాదనలో మా మొగ్గు కట్టాలనేవాళ్ల వైపే, అయితే క్యాంపస్‌కి ఆనుకుని, బస్సు లైను మీద, నాలుగంతస్తులకి తక్కువ కాకుండా.

నిషి సంగతే చూడండి. క్యాంపస్‌ని ఆనుకుని, రైలు పట్టాలకీ ఐ-80 హైవేకీ మధ్య ఇరుక్కున్న 47 ఎకరాలు. అక్కడ కట్టాలన్న ప్రతిపాదన 2016 ఓటింగ్‌లో స్వల్ప తేడాతో ఓడిపోయింది. 2018లో విద్యార్థుల ఇళ్లు మాత్రమే, 2,200 మంచాలు, ఆలివ్ డ్రైవ్ వైపు కార్లకి దారి లేకుండా, పట్టాల కింద నుంచి క్యాంపస్‌కి సొరంగ మార్గం అనే షరతులతో గెలిచింది. ఓటైతే పడింది గానీ రైల్వే కింద తవ్వడం ఓటంత తేలిక కాదు. గెలిచాక కూడా ఏళ్ల తరబడి అక్కడ పొలమే కనబడింది. హైవే దుమ్ము గురించి ఎత్తిన అభ్యంతరం కూడా కొట్టిపారేసేది కాదు. ఇలాంటి చోట ఇల్లు తీసుకుంటే కిటికీల కన్నా ముందు గాలి ఫిల్టర్ సంగతి అడగాలి.

ఓటు అక్కర్లేకుండా కట్టుకోగలిగింది యూనివర్సిటీయే. హైవే 113కి పడమట దాని సొంత భూమిలో వెస్ట్ విలేజ్ 2011లో తెరుచుకుంది, 2020 నుంచి ది గ్రీన్ అనే పెద్ద సముదాయం తోడైంది. అక్కడికి తిరిగేది వి లైన్. తమాషా ఏమిటంటే క్యాంపస్ భూమి నగర పరిధిలోకి రాదు, కాబట్టి అక్కడి హాస్టళ్లలో ఉండే అమెరికన్ విద్యార్థికి కూడా ఊరి ఎన్నికలో ఓటు లేదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్ల మాట చెప్పనే అక్కర్లేదు. ఇల్లు కావలసినవాళ్లు ఒకరు, ఓటేసేవాళ్లు మరొకరు.

ఇక ఇల్లు పట్టడం. డేవిస్‌లో ఎక్కువ అపార్ట్‌మెంట్ల లీజు సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది. మంచివన్నీ జనవరి, ఫిబ్రవరిల్లోనే బుక్కైపోతాయి. మనవాళ్లకి అడ్మిషన్ ఉత్తరం మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది, అప్పటికి మిగిలేవి లైను చివరివి. ఆ చివరివి బస్సుకి పనికొస్తాయని పైన చెప్పాం కదా, సీటు మాత్రం ఖాయం. లీజు రెండు రకాలు. ఫ్లాటు మొత్తానికి ఒకే లీజైతే నలుగురిలో ఒకడు డబ్బులు ఎగ్గొట్టినా మిగతా ముగ్గురే కట్టాలి. మంచానికి విడి లీజైతే ఆ బెడద లేదు, కానీ పక్క గదిలోకి ఎవరొస్తారో మీ చేతిలో ఉండదు. నలుగురూ ఒకే ఊరివాళ్లైనా సరే, మొదటి రకం కాగితం మీద సంతకం పెట్టే ముందు రెండుసార్లు చదవండి. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు (కొందరు చిన్న యజమానులకి రెండు నెలల దాకా మినహాయింపు ఉంది), ఖాళీ చేశాక 21 రోజుల్లో లెక్క చెప్పి మిగిలింది తిరిగివ్వాలి. ఆగస్టు చివర్లో ఊరంతా చెత్తకుండీల పక్కన సోఫాలు, పరుపులు కుప్పలు పడతాయి. బల్లలూ కుర్చీలూ ఏరుకోండి, పరుపు మాత్రం వద్దు, నల్లులుంటాయి.

ఈ బస్సుకి మా మార్కులు అయిదుకి నాలుగు. పోయిన మార్కు శనాదివారాలది. వాన రోజు ఫుల్ బోర్డుకి మార్కు తగ్గించలేదు, ఆ తప్పు బస్సుది కాదు. టార్గెట్ దుకాణం దాకా బస్సుంది. ఆ దుకాణానికి కూడా 2006లో ఊరు ఓటేస్తే బొటాబొటిగా నెగ్గింది. అక్కడ బియ్యం సంచి కొనేవాళ్లు తిరుగు బస్సు ఎన్నింటికో చూసుకునే బిల్లింగ్ లైన్లో నిలబడాలి.