వెర్డన్ లోయ చుట్టూ సైకిల్ మీద: ఎక్కడ దిగాలి, ఎటు తొక్కాలి

ఫ్రాన్స్‌లోని వెర్డన్ లోయకి వెళ్లే సైకిలిస్టులు ముందు రూటు ఖాయం చేసుకుని, ఆ తర్వాత ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ గది బుక్ చేసుకుంటారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది గది సంగతే. లోయ చివరనున్న సరస్సు దాదాపు 480 మీటర్ల ఎత్తులో ఉంటుంది, లోయ అంచునున్న లా పాలూ ఊరు 900 మీటర్ల పైన. కింద బస చేస్తే రోజూ పొద్దున్నే, కాళ్లు ఇంకా పట్టేసి ఉండగానే ఘాట్ మొదలవుతుంది. పైన బస చేస్తే ఆ ఎక్కుడంతా సాయంత్రానికి మిగులుతుంది, అదీ ఎండలో. నేనూ మా బావమరిదీ రెండు రకాలుగానూ ఉండి చూశాం. నా ఓటు పైన ఉండటానికే.

దక్షిణ ఫ్రాన్స్‌లో, ప్రొవాన్స్ కొండల్లో వెర్డన్ నది సున్నపురాయిని కోసుకుంటూ చేసిన లోయ ఇది. కొన్నిచోట్ల 700 మీటర్ల లోతు. 1905లో మార్తెల్ అనే గుహల అన్వేషకుడు తన బృందంతో నది వెంబడి వెళ్లేదాకా ఇది అడుగునుంచి ఎలా ఉంటుందో బయటివాళ్లకి పెద్దగా తెలియదు. లోయ చివర నది వచ్చి కలిసే సెంట్-క్రువా సరస్సు మాత్రం మనుషులు చేసిందే. 1970ల మొదట్లో ఆనకట్ట కట్టి నింపారు. లే సాల్ అనే ఊరు ఊరంతా మునిగిపోతే, కాస్త ఎత్తున అదే పేరుతో కొత్త ఊరు కట్టారు. అందుకే ఇప్పటి లే సాల్‌లో చుట్టుపక్కల ఊళ్లలో ఉండే వంకర సందులు కనబడవు.

మొదట మేము బస చేసింది కింద, ముస్త్యే అనే ఊళ్లో. రెండు కొండల మధ్య గొలుసు కట్టి, దానికి బంగారు రంగు నక్షత్రం వేలాడదీసిన ఊరు. ఎవరో యోధుడు యుద్ధఖైదు నుంచి బయటపడి మొక్కు తీర్చుకున్నాడని కథ చెబుతారు. ఊరు అందమైనదే, కాదనను. కానీ మధ్యాహ్నం కార్లలో వచ్చే జనంతో సందులన్నీ కిక్కిరిసిపోతాయి, సైకిల్ చేత్తో పట్టుకుని నడవాల్సిందే. మా బసలో గది రెండో అంతస్తులో ఉంది, సైకిళ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. ‘రాత్రికి ఇక్కడ కట్టేసుకోండి’ అని వీధిలో ఒక కమ్మీ చూపించారు. అద్దె సైకిలు, పైగా డిపాజిట్ కట్టినది. రాత్రంతా బావమరిది కిటికీలోంచి తొంగిచూస్తూనే ఉన్నాడు. ఫ్రాన్స్‌లో సైకిలు మీద వచ్చేవాళ్లకి వసతులున్న బసలకి ‘అకేయ్ వేలో’ అనే గుర్తు ఇస్తారు. తాళం వేసుకునే చోటు, రిపేరు సామాను ఉండాలని దాని నిబంధన. గది అద్దె పది యూరోలు ఎక్కువైనా ఆ గుర్తున్నదే చూసుకోండి.

లా పాలూ దీనికి పూర్తిగా వేరు. రాళ్లెక్కేవాళ్ల ఊరు. బేకరీ ముందు తాళ్ల చుట్టలు భుజానేసుకుని నిలబడ్డ కుర్రాళ్లు, వాళ్ల పక్కన మనం లైక్రా బట్టల్లో. మేము దిగిన చోట రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిపి తీసుకున్నాం. రాత్రి భోజనం కడుపునిండా పెట్టారు. పొద్దున మాత్రం బ్రెడ్డు, వెన్న, జామ్, కాఫీ, అంతే. పైగా ఎనిమిదింటి ముందు వంటగది తలుపు తెరుచుకోదు. ఎండెక్కకముందే బయల్దేరాలనుకుంటే ముందురోజే బేకరీలో ఏదో ఒకటి కొనిపెట్టుకోవాలి. బావమరిది మాంసం తినడు. ముందే మెయిల్ పెట్టాం కాబట్టి గుమ్మడికాయ కూరలాంటిది చేసిపెట్టారు. చెప్పకుండా వెళితే ఆమ్లెట్టే గతి. ఖర్చు ఇంకా తగ్గాలంటే లోయ అంచునే ఫ్రెంచ్ ఆల్పైన్ క్లబ్ వాళ్ల లా మలీన్ రెఫ్యూజ్ (కొండల్లో తిరిగేవాళ్ల బస) ఉంది. బంకు మంచాలు, అందరికీ ఒకే హాలు. గురకకి అలవాటుపడ్డవాళ్లకి బాగుంటుంది.

లా పాలూలో దిగితే పెద్ద లాభం రూత్ దే క్రెత్. ఊరి దగ్గర మొదలై మళ్లీ ఊరికే చేరే 23 కిలోమీటర్ల చుట్టు. అంచు వెంబడి పద్నాలుగు వ్యూ పాయింట్లు. ఇందులో కొంత భాగం వన్‌వే కాబట్టి తూర్పు వైపు నుంచే మొదలుపెట్టాలి. రెఫ్యూజ్ వైపు నుంచి వెళితే మధ్యలో ‘ప్రవేశం లేదు’ బోర్డు ఎదురవుతుంది. మొదటి సగం ఎక్కుడు గట్టిగానే ఉంటుంది, పై భాగం 1,300 మీటర్ల దాకా పోతుంది. చలికాలంలో ఈ రోడ్డు మూసేస్తారు. ఎస్కలెస్ అనే చోట ఆగి నీళ్లు తాగుతుంటే, రెయిలింగు అవతల గాలిలోంచి ముందు ఒక చెయ్యి, తర్వాత సుద్దపొడి అంటిన హెల్మెట్టు, ఆ తర్వాత మొత్తం మనిషి పైకొచ్చింది. వీళ్లు ముందు రోడ్డు మీంచి తాడుతో కిందికి దిగి, ఆ తర్వాత రాయి పట్టుకుని పైకి ఎక్కి వస్తారట. ఆమె మమ్మల్ని చూసి “బోంజూర్” అని, మా పక్కనే కూర్చుని బూట్లు విప్పుకుంది. ‘బావా, మనం పడ్డ కష్టం కష్టమే కాదు’ అన్నాడు మావాడు. అక్కడే రాబందులు కూడా మన కళ్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ఈ ప్రాంతంలో అవి అంతరించిపోతే 1999 నుంచి రుగోన్ అనే ఊరి దగ్గర మళ్లీ వదలడం మొదలుపెట్టారు.

అందరూ పొగిడేది ఆ చుట్టునే. సైకిలుకి మాత్రం అసలైన రోడ్డు దక్షిణపు ఒడ్డున ఉన్న కొర్నీష్ సబ్లీమ్. లోయ చుట్టూ ఒక పూర్తి రౌండు వేస్తే వంద కిలోమీటర్లు దాటుతుంది. మధ్యలో లోయని దాటే రోడ్డు వంతెన లేదు కాబట్టి అలిసిపోతే అడ్డదారిలో తిరిగొచ్చే వీలుండదు. గడియారం ముల్లు తిరిగే దిక్కునే తిరగండి. ఫ్రాన్స్‌లో కుడివైపు బండి నడుపుతారు కాబట్టి, ఉత్తరపు ఒడ్డున తూర్పుకి పోతున్నా, దక్షిణపు ఒడ్డున పడమరకి వస్తున్నా లోయ మీ పక్కనే ఉంటుంది. ఎత్తంటే భయమున్నవాళ్లు ఇదే మాటని తిరగేసి చదువుకోవచ్చు.

ఆ రౌండులో త్రిగాన్స్ అనే ఊరు దాటాక వచ్చే ఆర్తుబీ వంతెన 180 మీటర్లకి పైగా ఎత్తు. బంగీ జంపు చేసేవాళ్ల కేకలు దూరం నుంచే వినిపిస్తాయి. తర్వాత ఫాయె సొరంగాలు. చిన్నవే గానీ ఎండలోంచి లోపలికి పోగానే కళ్లకి ఏమీ ఆనదు, వెనక లైటు వేసుకునే వెళ్లాలి. వొమాల్ దగ్గర మళ్లీ 1,200 మీటర్ల దాకా ఎక్కి, ఇలువార్ కనుమ మీంచి ఎగీన్‌కి దిగుతుంటే మలుపు మలుపుకీ సరస్సు ఎదురుగా పెద్దదవుతూ వస్తుంది. ఈ రౌండంతటిలో నాకు నచ్చిన దిగుడు ఇదే. ఇక్కడే నా అద్దె సైకిలు వెనక బ్రేకు కీచుమనడం మొదలుపెట్టింది. ఎగీన్‌లో ఆపి చూస్తే ప్యాడ్ అరిగి ఇనుము తేలింది. అద్దెకిచ్చినతను ‘నిన్ననే సర్వీసు చేశాం’ అన్న బండి అది! ముందు బ్రేకు మీదే మెల్లగా కిందకి చేరాం. రంగు పెంకుల బురుజులున్న ఎగీన్ కోటని ఆ టెన్షన్‌లో సరిగ్గా చూడనే లేదు.

సరస్సు దగ్గర బస కుటుంబంతో వచ్చేవాళ్లకి మంచిది. పెట్రోలు ఇంజను పడవలు నిషేధం కాబట్టి నీళ్ల మీద గోల ఉండదు, ఈత కొట్టొచ్చు, పెడల్ బోటులో లోయ నోటి దాకా పోయి రావొచ్చు. రోడ్డు సైకిలుకి మాత్రం అంత గొప్పేం కాదు. ఒడ్డు వెంబడే పోయే రోడ్డు చుట్టూ లేదు, చాలాచోట్ల చెట్ల చాటున ఎక్కీ దిగీ పోవాలి. జూలై, ఆగస్టుల్లో గలెతా వంతెన దగ్గర కార్లు, క్యాంపర్ వ్యాన్లు రోడ్డు రెండు వైపులా ఆగి ఉంటాయి. ఊరి బయట సైకిలుకి మీటరున్నర ఎడం ఇచ్చి దాటాలని చట్టం. స్థానికులు బాగానే పాటిస్తారు, కంగారంతా అద్దె వ్యాన్లవాళ్లతోనే. వలాన్సోల్ లావెండరు పొలాలు చూడాలన్న కోరిక లేకపోతే జూన్ మొదట్లోనో సెప్టెంబరులోనో వెళ్లండి.

నీళ్ల విషయంలో ఊళ్లలోని ఫౌంటెన్లు పెద్ద ఆసరా. ‘నో పొతాబ్ల్’ అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు. త్రిగాన్స్ నుంచి ఎగీన్ దాకా పెద్దగా ఏమీ దొరకదు, రెండు బాటిళ్లూ నింపుకునే కదలాలి. హోటళ్లు మధ్యాహ్నం రెండు దాటితే వంట ఆపేస్తాయి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత కిరాణా కొట్లు మూసే ఉంటాయి.

సైకిలు మాత్రం లోయ దగ్గర అద్దెకి తీసుకోకండి. ఇ-బైకులు దొరుకుతాయి గానీ మంచి రోడ్డు బైకు, అందులో వెనక, ఎక్కుడుకి పనికొచ్చే 34 పళ్ల గేరు ఉన్నది, మాకు కనబడలేదు. నీస్ లాంటి పెద్ద ఊళ్లో తీసుకుని, అరగంట తొక్కి చూసి, బ్రేకు ప్యాడ్లు మీ కళ్లతో చూసుకుని తెచ్చుకోండి. లోయ దాకా రైలు లేదు. దగ్గరి స్టేషన్లలో మనోస్క్ ఒకటి, అక్కడినుంచి తొక్కుకుంటూ రావచ్చు. ప్రాంతీయ రైళ్లలో సైకిలు ఎక్కించనిస్తారు. మేము సైకిళ్లు తిరిగిచ్చేటప్పుడు అరిగిన ప్యాడ్ల ఖర్చు మా డిపాజిట్లోంచి కోస్తామన్నారు. బండి తీసుకున్న రోజు బావమరిది తీసిన ఫొటో చూపించాక డిపాజిట్ మొత్తం వాపసు ఇచ్చారు.