ఎగ్జిమ్ మెయిల్ సర్వర్: మెయిల్ పోగొట్టదు, ఓటీపీని మాత్రం నిద్రపుచ్చుతుంది

ఆఫీసులో నాలుగు కోర్ల చిన్న డెబియన్ (ఒక రకం లినక్స్) సర్వర్ మీద ఐదేళ్లుగా ఎగ్జిమ్ నడుపుతున్నాను. కేంబ్రిడ్జి యూనివర్సిటీలో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్, పైసా ఖర్చు లేదు, సీప్యానెల్ (వెబ్‌సైట్లు చూసుకునే కంట్రోల్ ప్యానెల్) హోస్టింగ్ తీసుకున్నవాళ్లు చాలామంది తెలియకుండానే వాడుతుంటారు. మామూలు రోజుల్లో దీని ఊసే మనకి గుర్తురాదు. సర్వర్‌కి ఊపిరాడనప్పుడు ఏం చేస్తుందన్నదే అసలు సంగతి.

క్యూ ఓన్లీ లోడ్ అనే సెట్టింగ్‌కి ఒక అంకె ఇస్తే, లోడ్ యావరేజ్ (సగటున ఎన్ని పనులు నడుస్తూ, ఎదురుచూస్తూ ఉన్నాయన్న లెక్క) అది దాటగానే వచ్చిన మెయిల్‌ని తీసుకుని డిస్కు మీద క్యూలో పెట్టేస్తుంది, డెలివరీ అప్పుడే మొదలుపెట్టదు. ఎస్ఎంటీపీ లోడ్ రిజర్వ్ అనే ఇంకో హద్దు కూడా దాటితే బయటి కనెక్షన్లని ‘తర్వాత రండి’ అని పంపేస్తుంది, అవతలి సర్వర్ ఎలాగూ మళ్లీ వస్తుంది కాబట్టి మెయిల్ ఎక్కడికీ పోదు. (మన సొంత మెషీన్లని రిజర్వ్ హోస్ట్స్ జాబితాలో చేర్చకపోతే వాటినీ గెంటేస్తుంది, జాగ్రత్త.)

నా తెలివి చూడండి: నాలుగు కోర్లే కదా అని క్యూ ఓన్లీ లోడ్ 4, డెలివర్ క్యూ లోడ్ మ్యాక్స్ 3 పెట్టాను. రెండోది దాటితే క్యూ రన్ (క్యూలో ఉన్నవాటిని పంపే విడత) మధ్యలోనే ఆగిపోతుంది. రాత్రి బ్యాకప్ మొదలైంది. లినక్స్‌లో డిస్కు కోసం ఆగిన ప్రాసెస్‌లు కూడా లోడ్ లెక్కలోకే వస్తాయి, దాంతో సీపీయూ ఖాళీగా ఉన్నా లోడ్ 7 చూపించింది, తెల్లారేదాకా ఒక్క మెయిల్ కదల్లేదు, ఓటీపీలతో సహా. పొద్దున క్యూ చూస్తే వేలల్లో ఉన్నాయి, ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇప్పుడు రెండూ 10 దాటించాను.

ఇంకో చిరాకు, లోడ్ తగ్గినా క్యూలోవి వెంటనే బయల్దేరవు, తర్వాతి క్యూ రన్ దాకా కూర్చోవాల్సిందే. రన్‌కీ రన్‌కీ మధ్య డెబియన్ ఇచ్చేది 30 నిమిషాలు, నేను 5కి తగ్గించాను, ఒకేసారి ఎన్ని రన్‌లు నడవొచ్చో చెప్పే క్యూ రన్ మ్యాక్స్ డిఫాల్టే 5 కాబట్టి రన్నర్లు గుట్టలుగా పేరుకోవు.

పెద్ద క్యూలకి ఎగ్జిమ్ సరిపోదు, డొమైన్‌కో క్యూ అంటూ ఉండదు. న్యూస్‌లెటర్లు కుప్పలుగా పంపేవాళ్లు పోస్ట్‌ఫిక్స్ అనే ఇంకో మెయిల్ సర్వర్ చూసుకోండి, అందులో క్యూ మేనేజర్ ఒకటి కూర్చుని పంచుతుంది. నేను ఎగ్జిమ్‌నే ఉంచుకున్నాను, బ్యాకప్‌ని మాత్రం అయోనైస్ (డిస్కు వాడకంలో ప్రాధాన్యం తగ్గించే కమాండ్) పెట్టి వెనక్కి నెట్టాను.