పదేళ్ల షార్డనే: ఐదు బాటిళ్లలో నిలిచినవెన్ని

ముందు ఫలితం చెప్పేస్తాం. షార్డనే అనే తెల్ల ద్రాక్షతో చేసిన పాత వైన్ బాటిళ్లు ఐదు తెరిస్తే రెండు నిక్షేపంగా ఉన్నాయి, ఒకటి అటూ ఇటూ కాకుండా ఉంది, రెండు సింకులో పారబోయాల్సి వచ్చింది. చిక్కంతా ఎక్కడంటే, బాగున్నవాటిలో ఒకటీ పారబోసినవాటిలో ఒకటీ ఒకే పెట్టెలోవి. అదే వైన్, అదే 2014 పంట, జూబ్లీహిల్స్‌లో ఒకే వైన్ ఫ్రిజ్‌లో పక్కపక్కనే పడుకున్నవి.

తెరిచినవి ఇవి: ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతం నుంచి షాబ్లీ ప్రీమియే క్రూ (అక్కడి మేలైన తోటల శ్రేణి) 2014 రెండు, మెర్సో 2015 ఒకటి, ఆస్ట్రేలియాలోని మార్గరెట్ రివర్ నుంచి 2016 ఒకటి, మహారాష్ట్రలో చేసి ఓక్ పీపాల్లో ఉంచిన 2018 ఒకటి. మొదటి నాలుగూ 13 డిగ్రీల దగ్గర కదలకుండా ఉన్నవే. చివరిది నగరంలోని ఒక షాపు అరలోంచి అప్పుడే కొన్నది. తయారీదారుల పేర్లు రాయడం లేదు. ఒక్క బాటిల్‌ని బట్టి వైనరీకి మార్కులు వేయకూడదని ఆ షాబ్లీ జతే తేల్చేసింది.

మనవాళ్లకి పాత బియ్యమంటే మహా గౌరవం. వైన్ దగ్గర మాత్రం ఆ గౌరవం కాస్త తగ్గించుకోవాలి. ప్రపంచంలో తయారయ్యే షార్డనేలో చాలా భాగం రెండు మూడేళ్లలో తాగేయడానికే చేస్తారు. పదేళ్లు నిలవాలంటే పులుపు గట్టిగా ఉండాలి, రసంలో సాంద్రత ఉండాలి, బాటిల్‌లో నింపేటప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ సరిపడా ఉండాలి, మూత గాలి చొరనివ్వకూడదు. నాలుగింట్లో ఏ ఒక్కటి తప్పినా ఇక లెక్క కుదరదు.

తెరవడంలోనే సగం వైన్‌లు పాడవుతాయి కాబట్టి ఆ సంగతి ముందు. పడుకోబెట్టిన బాటిల్‌ని ఒక రోజు ముందే నిలబెట్టండి. అడుగున పటికబెల్లం పలుకుల్లాంటివి కనిపిస్తే కంగారు వద్దు, అవి టార్టరేట్ స్ఫటికాలు, హాని లేదు. మామూలు ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గరున్న బాటిల్‌ని 30 డిగ్రీల గదిలో 25 నుంచి 30 నిమిషాలు బయట ఉంచితే 11, 12 డిగ్రీలకి వస్తుంది. రుచి చూడాల్సింది అక్కడ. ఫ్రిజ్‌లోంచి తీసి సరాసరి పోస్తే మంచిదీ చచ్చిందీ ఒక్కలాగే, చల్లటి పుల్లనీళ్లలా అనిపిస్తాయి. పాత కార్క్‌లోకి మామూలు స్క్రూ దింపితే నడుమ విరిగే ప్రమాదం ఎక్కువ. రెండు రేకుల ఓపెనర్‌ని కార్క్‌కీ గాజుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దింపి, తిప్పుతూ లాగాలి. విరిగితే ముక్కలు లోపలికి తోసేసి, స్టీలు టీ జల్లెడలోంచి వడకట్టండి. కలరా ఉండలున్న బీరువాలోంచి తీసిన గ్లాసు అయితే ఒకసారి వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాల్సిందే. వంటింట్లో పోపు పడుతున్నా, పూజ గదిలో అగరుబత్తి వెలుగుతున్నా రుచి చూడటం వాయిదా వేసుకోవడమే మేలు.

ఒక్కో గ్లాసులో 60 మిల్లీలీటర్లు చాలు. పోసిన వెంటనే ఒకసారి, 20 నిమిషాలకి ఒకసారి, గంటకి ఒకసారి చూడాలి. మిగిలింది మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మళ్లీ. పాత వైన్‌కి ఈ నాలుగు చూపుల్లోనే తీర్పు, మొదటి గుక్కలో కాదు.

ఇప్పుడు షాబ్లీ జత. బుర్గుండీలో 2014 ఆగస్టు చల్లగా గడిచింది, సెప్టెంబర్‌లో ఎండ కాసి పంటని కాపాడింది. పులుపు పదునుగా నిలిచిన సంవత్సరం, అందుకే దాచుకోదగ్గదని పేరు. మొదటి బాటిల్‌లో వైన్ మట్టం కార్క్‌కి సెంటీమీటరున్నర కిందే ఉంది, కార్క్ పక్కల తడి మరక లేదు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచి చూస్తే లేత బంగారు రంగు, అంచున ఇంకా కాస్త పచ్చదనం. మొదటి వాసన మూసుకుపోయి ఉంది. 20 నిమిషాలకి తెరుచుకుంది: కారం వేయకుండా ఉప్పులో ఊరిన పాత నిమ్మకాయ, తడిసిన రాయి, పుట్టగొడుగు, వెనకాల సన్నగా తేనె. నోట్లో మాత్రం తీపి జాడ లేదు. పులుపు నాలుక పక్కల పట్టుకుని, మింగాక కూడా అర నిమిషం పైగా లాలాజలం ఊరిస్తూనే ఉంది. తేనె వాసన వస్తూ నోరు పొడిగా, ఉప్పగా ఉండటం, అదే పాత షాబ్లీలో వెతకాల్సిన జత. గంట దాటినా కుంగలేదు.

రెండో బాటిల్ మట్టం మూడు సెంటీమీటర్లు దిగి ఉంది. ఇది ఒక్కటే అయితే నేరం కాదు గానీ, పక్కనున్న దానితో పోలిస్తే అనుమానించాల్సిందే. కార్క్ ఒక పక్క పైదాకా తడిసింది. రంగు కాచిన టీలోకి దిగుతోంది. వాసన చూడగానే కోసి వదిలేసిన యాపిల్, దాని వెంటే మెంతులు. ఏ వైన్ పుస్తకం చదవని తెలుగువాడైనా ఈ వాసన పట్టేస్తాడు, ఎందుకంటే మెంతులకి ఆ వాసననిచ్చే సోటోలాన్ అనే పదార్థమే గాలి సోకి ముసలిదైపోయిన తెల్ల వైన్‌లోనూ పుడుతుంది. యాపిల్ వాసన అసిటాల్డిహైడ్‌ది. ఫ్రాన్స్‌లో జురా ప్రాంతపు వాన్ జోన్ అనే వైన్‌లో ఈ మెంతుల ఘాటే కావాలని తెచ్చుకుంటారు. షాబ్లీలో అది చావు వాసన. నోట్లో మొదట ఏదో ఉన్నట్టుంటుంది, మింగగానే చప్పున తెగిపోయి చేదు మిగులుతుంది. 20 నిమిషాలాగితే మారుతుందేమోనని ఆశ పడొద్దు. ఆక్సీకరణం చెందినది గాలి తగిలే కొద్దీ ఇంకా దిగజారుతుంది.

ఇది కొత్త జబ్బు కాదు. 1995, 1996 పంటల తెల్ల బుర్గుండీలు అకాలంగా ముసలివైపోవడంతో బయటపడిన గొడవే. కార్క్ నుంచి కార్క్‌కి లోపలికి వదిలే గాలి మారడం, సల్ఫర్ మోతాదు తగ్గించడం, మరీ సున్నితంగా పిండటం వల్ల రసంలో ఆక్సిజన్‌ని పట్టి ఉంచే ఫీనాల్స్ తగ్గడం, ఇలా కారణాలు కలిసి వస్తాయి. ఒకే పెట్టెలో ఒకటి బతికి ఒకటి పోయిందంటే మాత్రం మొదటి వేలు కార్క్ వైపే చూపాలి. వైన్ ఒక్కటే, నింపిన రోజూ ఒక్కటే కదా.

మార్గరెట్ రివర్ బాటిల్‌కి కార్క్ లేదు, తిప్పే మూత. మనవాళ్లలో ఇంకా చాలామందికి తిప్పే మూతంటే చవక సరుకన్న లెక్క. ఈ ఐదింట్లో అన్నిటికన్నా తాజాగా ఉన్నది ఇదే. తెరవగానే గీసిన అగ్గిపుల్ల వాసన వస్తుంది. దీన్ని చూసి పాడైందనుకునే వాళ్లుంటారు. అది గంధక సమ్మేళనాల పని, గాలి తగిలితే తగ్గుతుంది. ఒక గాజు జగ్గులోకి ఒంపి 20 నిమిషాలు వదిలితే కింద నుంచి దబ్బపండు తొక్క, పచ్చి జీడిపప్పు, కాల్చిన బాదం వచ్చాయి. ఓక్ ఉంది, కానీ పండుని మింగేయలేదు. ఇంకో ఐదేళ్లు పెట్టొచ్చు. కార్క్ ఉన్న బాటిల్‌లో తడిసిన అట్టపెట్టె, గోనెసంచి వాసన పెరుగుతూ పోతే మాత్రం సంగతి వేరు. అది టీసీఏ అనే కార్క్ దోషం, ఎంత సేపు ఆగినా పోదు. ఆ బాటిల్‌ని తిరిగిచ్చేయడమే.

మెర్సో 2015 గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎండ మెండుగా కాసిన ఏడు, పులుపు తక్కువ, ఒళ్లు బరువు. రంగు ముదురు బంగారం, వెన్న, వేయించిన జీడిపప్పు, బంగినపల్లి తొనల్లాంటి మాగిన వాసన. మొదటి గంట అద్భుతం. గంటన్నరకి నడుము వంగింది. ఎవరి దగ్గరైనా ఉంటే ఈ దసరాకే తెరిచేయండి.

మహారాష్ట్ర 2018తో అన్యాయం చేశామనే ఒప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని ఇన్నేళ్లు దాచడానికి చేయలేదు. ఫిబ్రవరి, మార్చిలో కోసే ద్రాక్షలో వేడికి పులుపు తొందరగా పడిపోతుంది. రెండు నుంచి నాలుగేళ్లలో తాగితే ఇవి చక్కగా ఉంటాయి. ఇందులో పండు వెళ్లిపోయి పీపా మాత్రం మిగిలింది: కొబ్బరి, వెనిల్లా, రంపపు పొట్టు. పప్పు అయిపోయి గిన్నెలో పోపు మిగిలినట్టు. పైగా పైరేకు కింద కార్క్ రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. వేడికి లోపలి వైన్ వ్యాకోచించి కార్క్‌ని తోసిందన్నమాట. ఎన్ని ఎండాకాలాలు ఆ అరలో నిలబడి, రాత్రిళ్లు ఏసీ ఆపేసిన గదిలో ఉడికిందో. ఉడికిన పండు, మాడిన పంచదార వాసన దానికి సాక్ష్యం. కొనేటప్పుడు బాటిల్ మెడ మీద వేలితో తడిమి చూడండి. పైరేకు ఉబ్బి ఉన్నా, జిగటగా అంటినా అక్కడే పెట్టేసి రావాలి. కిటికీ పక్కన, లైటు కింద నిలబెట్టిన తెల్లగాజు బాటిల్ అసలే వద్దు.

ఇంట్లో దాచేవాళ్లకి ఒక మాట. అటక మీద, గోద్రెజ్ బీరువా మీద పెట్టిన షార్డనే ఒక్క మే నెల దాటదు. వైన్ ఫ్రిజ్ కొంటే కంప్రెసర్ ఉన్నదే కొనండి. కంప్రెసర్ లేని చిన్న థర్మోఎలక్ట్రిక్ పెట్టెలు గది వేడి కంటే కొంత మేరకే దించగలవు. గది 38కి చేరిన మధ్యాహ్నం అందులో 20 దాటిపోతుంది, రాత్రికి మళ్లీ దిగుతుంది. ఆ ఎగుడుదిగుళ్లకే కార్క్ గాలి పీలుస్తుంది.

పక్కన ఏం పెట్టాలంటే, కారం తగ్గించిందేదైనా సరే. వెన్నలో వేయించిన పుట్టగొడుగులు, మిరియాలు మాత్రమే వేసిన పండుగప్ప, జీడిపప్పు ముద్దలో మగ్గిన రొయ్యలు షాబ్లీకీ మెర్సోకీ బాగా కుదిరాయి. చేప మీద నిమ్మకాయ పిండగానే మాత్రం పదేళ్ల పులుపు వెలవెలబోయింది. ఇంగువ పడిన వంటకం దగ్గరికే రానివ్వకండి.

మర్నాడు సాయంత్రం ఫ్రిజ్‌లోంచి తీసి చూస్తే మార్గరెట్ రివర్ ముందురోజు కంటే మెరుగ్గా ఉంది. మంచి షాబ్లీ కాస్త తగ్గింది గానీ పులుపు చెక్కుచెదరలేదు. మెర్సోలో సన్నగా యాపిల్ మొదలైంది. ఆ షాబ్లీ పెట్టెలో ఇంకా నాలుగు ఉన్నాయి. వాటిని ఇంకో ఐదేళ్లు ఉంచే సత్తా వైన్‌కి ఉంది, కార్క్‌ల మీద నమ్మకం లేదు. కాబట్టి తెరిచే రోజు రెండు చేతికందేలా పెట్టుకోవాలి. అతిథులు వచ్చాక మొదటిది మెంతుల వాసన కొడితే రెండోదాన్ని చల్లబరిచే వ్యవధి ఉండదు.