వంట పీరియడ్: చార్టా, గ్యాస్ పొయ్యా, పొయ్యి లేని వంటా? ఏది మేలు?

ఐరన్ దేనిలో ఉంటుందని ఏడో తరగతిలో అడిగితే క్లాసంతా చేతులెత్తుతుంది. తోటకూర, గోంగూర, బెల్లం అని తడుముకోకుండా చెబుతారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ పిల్లలే పప్పులోని తోటకూరను వేలితో ఏరి పక్కన పెడతారు. విజయవాడలో సైన్స్ టీచర్‌గా నేను రోజూ చూసేది ఇదే.

ఈ పోషకాహార పాఠం చార్టుతో చెప్పడం తేలిక. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చూపించే పళ్లెం బొమ్మలో సగం కూరగాయలు, పండ్లే ఉంటాయి. దాన్ని గోడకు అంటించాల్సిందే. కానీ మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాళ్లలో ఎంతోమంది ఈ పాఠం చదివి, పరీక్ష రాసి వచ్చినవాళ్లే.

గ్యాస్ పొయ్యి పెట్టి వండిస్తే పిల్లలకు పండగే. అయితే 45 నిమిషాల పీరియడ్‌లో, ఒక్క పొయ్యి మీద ఐదుగురు వండితే మిగతావాళ్లు నిలబడి చూడాలి. నూనె చిట్లుతుందేమోనని టీచర్‌కి టెన్షన్.

నా ఓటు పొయ్యి లేని వంటకే. సాయంత్రం పెసలు నానబోస్తారు, పొద్దున తడిగుడ్డలో మూట కడతారు, మర్నాటికి మొలకలు. క్యారెట్ కోరు, ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర కలిపి నిమ్మకాయ పిండుతారు. అసలు పాఠం ఆ నిమ్మకాయ దగ్గరే ఉంది. అందులోని విటమిన్ సి వల్ల పెసల్లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, భోజనం కాగానే టీ తాగితే తగ్గుతుంది. ఇది విన్న ఒక అమ్మాయి ఇంటికెళ్లి, అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దని వాళ్ల నానమ్మకు చెప్పిందట. చార్టు చూపించినన్నాళ్లూ ఏ పిల్లా ఇంట్లో ఇలా చెప్పినట్టు నేను వినలేదు.

మార్చిలో ఒక మూట విప్పితే జిగురుగా ఉంది, వాసన కొట్టింది. బెజవాడ ఎండకు ఒక పూట ఆలస్యమైందంతే. పారేశాం. ఆహారం ఎందుకు పాడవుతుందో ఆ రోజు నేను వేరే చెప్పాల్సిన పని పడలేదు.

పెరటి తోట కూడా మంచిదే. విత్తిన నెలకల్లా తోటకూర కోతకు వస్తుంది. కానీ నగరంలో చాలా బళ్లకు జాగా లేదు.

"మా వాడికి వంటెందుకండీ?" అని ఒక తల్లి అడిగారు. రేపు హాస్టల్లో ఉన్నా, ఉద్యోగానికి ఊరు మారినా వాడి కడుపు వాడే చూసుకోవాలి కదమ్మా అన్నాను. ఉల్లిపాయ తరిగే వంతు అబ్బాయిలకూ వేస్తున్నాను.

తొమ్మిదో తరగతికి వచ్చాక మాత్రం పొయ్యి ఉండాలి. పదేసి మందిని పిలిచి, వంటమ్మను పక్కన ఉంచుకుని, అన్నం, పప్పు చేయించవచ్చు. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకూడదని, ముందు రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తీయాలని అక్కడే నేర్పాలి.