మంచి కుర్చీ, నిలబడి పనిచేసే బల్ల, విడి కీబోర్డు: ఇంటి నుంచి పనిచేసేవారికి ఏది మేలు?

ఇంటి నుంచి పనిచేయడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు మెడ పట్టేసినా, భుజాలు బరువెక్కినా, సాయంత్రానికి నడుము లాగినా మనం ముందుగా నిందించేది కుర్చీనే. నేనూ అదే చేశాను. చెక్క కుర్చీని పక్కకు నెట్టి, నడుముకు ఊతమిచ్చే మంచి కుర్చీ ఒకటి కొన్నాను. వారం తిరగకుండానే నడుమునొప్పి సగానికి తగ్గింది గానీ, కుడి భుజానికీ మెడకూ నడుమ ఉన్న నొప్పి మాత్రం రవ్వంతైనా కదలలేదు. కుర్చీ మారినా బల్ల మీది ల్యాప్‌టాప్ తెర ఉన్నచోటే ఉందని గ్రహించడానికి మరో రెండు నెలలు పట్టింది. చేతిలోని డబ్బుతో కుర్చీ, నిలబడి పనిచేసే బల్ల, విడి కీబోర్డు అనే మూడింటిలో ఒక్కటే కొనగలిగితే దేనికి మొగ్గాలన్న ప్రశ్న నాకు అక్కడే మొదలైంది.

ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకువెళ్లడానికి వీలుగా తయారుచేశారు గనుక దాని తెర, మీటలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఇబ్బంది అంతా అక్కడే ఉంది. చేతులకు అందే ఎత్తులో పెడితే తెర కిందికి పోయి తల వంచవలసి వస్తుంది. నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి తెరను కళ్లెదుటికి తెస్తే, మీటల కోసం మోచేతులు పైకి లేచి, భుజాలు చెవుల వైపు ముడుచుకుని, మణికట్లు వెనక్కి వంగుతాయి. పెద్దవారి తల సుమారు 5 కిలోల బరువుంటుంది. తల నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువు వెన్నుపూసల మీదుగా నేరుగా కిందికి దిగుతుంది. ముందుకు వంగేకొద్దీ దాన్ని వాలిపోకుండా పట్టి ఉంచే పని మెడ వెనుక కండరాల మీద పడుతుంది. వెన్నెముక శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం తల 15 డిగ్రీలు వంగితే మెడపై భారం సుమారు 12 కిలోలకు, 60 డిగ్రీలు వంగితే సుమారు 27 కిలోలకు చేరుతుంది. అది మనుషుల మెడలో తీసిన కొలత కాదు, కంప్యూటర్ నమూనాపై కట్టిన లెక్క. కాబట్టి ఆ అంకెలను అక్షరాలా పట్టుకోనవసరం లేదు. అయితే వంపుతో పాటు భారం పెరుగుతుందన్న మాట, నిండు బిందెను ముందు గుండెకు ఆనించి, తరువాత చేతులు చాచి పట్టుకుని చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

విడి కీబోర్డు, విడి మౌస్ ఉంటే ఈ ముడి విడిపోతుంది. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల దొంతరపై పెట్టి, తెర పైఅంచు కంటి ఎత్తుకు లేదా కాస్త దిగువకు వచ్చేలా, చేయి చాపితే వేళ్లు తెరను తాకేంత దూరంలో ఉంచుకోవాలి. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే కళ్లద్దాలు వాడేవారు తెరను ఇంకొంచెం దించుకోవాలి. లేకపోతే కింది అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి, మెడను వెనక్కి విరుచుకుంటారు. మీటలపై చేతులుంచినప్పుడు మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా, 90 డిగ్రీలో అంతకు కాస్త ఎక్కువో వంగి ఉండాలి. ఇక నా భుజం సంగతికి వస్తే, తెరను ఎత్తిన తరువాత మెడ తేలికపడింది గానీ పూర్తి ఉపశమనం రాలేదు. అంకెల మీటలున్న పొడవాటి కీబోర్డు కొనడం వల్ల మౌస్ జానెడు దూరం కుడివైపుకు జరిగి, రోజంతా చేయి పక్కకు చాచి ఉంచవలసి వచ్చేది. లెక్కల పని లేనివారికి అంకెల మీటలు లేని పొట్టి కీబోర్డే మేలని నాకు ఆ తరువాత గాని తట్టలేదు.

కుర్చీ విషయంలో శాస్త్రం కూడా ఒకే మాట మీద నిలబడలేదు. స్వీడన్‌కు చెందిన వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960ల నుంచి చేసిన కొలతలలో, నిలబడినప్పటి కంటే ఊతం లేకుండా కూర్చున్నప్పుడే నడుము దగ్గరి డిస్కులపై (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలపై) ఒత్తిడి ఎక్కువని తేలింది. 1999లో జర్మనీలో విల్కే బృందం ప్రచురించిన కొలతలలో, ఒళ్లు వదులుగా ఉంచి కూర్చున్నప్పుడు ఆ ఒత్తిడి నిలబడినప్పటి కంటే ఎక్కువేమీ కాదని కనిపించింది; అయితే ఆ కొలతలు ఒకే మనిషి వెన్నులో తీసినవి. ముందుకు వంగి కూర్చుంటే ఒత్తిడి బాగా పెరుగుతుందన్న దగ్గర మాత్రం రెండూ ఏకీభవిస్తాయి. స్కాట్లాండ్‌లో 22 మందిని ఎమ్మారై తీసి చూసిన బృందం, మొండెం తొడలకు 135 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి ఉన్నప్పుడు వెన్నుకు శ్రమ తక్కువని 2006లో చెప్పింది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అంత వెనక్కి వాలి టైపు చేయబోతే తెర చూడటానికి తల మళ్లీ ముందుకే వస్తుంది. 100 నుంచి 110 డిగ్రీల మధ్య కొద్దిగా వాలడం ఆచరణకు నిలుస్తుంది.

ఎత్తు మార్చుకోగల కుర్చీ వల్ల లాభం నిజమే, కానీ వీపు ఆనించని కుర్చీ ఎంత ఖరీదైనదైనా స్టూలుతో సమానం. అరికాళ్లు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాలి వెనుకకూ కుర్చీ అంచుకూ మధ్య రెండు మూడు వేళ్ల సందుండాలి. ఈ రెండూ ఇంట్లో ఉన్న కుర్చీతోనే కుదురుతున్నట్లయితే, ఒక తువ్వాలును ముంజేయి లావున గట్టిగా చుట్టి, రెండు చివర్లా రబ్బరు బ్యాండ్లు వేసి, బొడ్డుకు సరిగ్గా వెనకవైపు నడుము వంపులో పెట్టుకుంటే కొత్త కుర్చీ చేసే పనిలో చాలా భాగం అదే చేస్తుంది. విడి కీబోర్డు తరువాత కుర్చీని రెండో స్థానంలో పెట్టడానికి నాకున్న బలమైన కారణం ఈ తువ్వాలే.

నిలబడి పనిచేసే బల్లకు ఉన్న పేరు దాని ఫలితం కంటే పెద్దది. కూర్చోవడం కంటే నిలబడటం వల్ల అదనంగా ఖర్చయ్యే శక్తి నిమిషానికి 0.15 కిలోక్యాలరీల పాటిది, అంటే గంటకు 9 మాత్రమే. కదలకుండా గంటల తరబడి నిలబడితే పిక్కల్లో రక్తం నిలిచి కాళ్లు వాస్తాయి, మడమలు నొప్పెడతాయి. అలసిన మనిషి ఒక కాలి మీదకు ఒరిగి నడుమును మళ్లీ వంకర చేస్తాడు. పైగా ఆ బల్ల మీద కూడా ల్యాప్‌టాప్ ల్యాప్‌టాపే గనుక విడి కీబోర్డు అక్కడా తప్పదు. కూర్చుని చేసే ఉద్యోగాలపై 2015లో నిపుణుల బృందం ఒకటి చేసిన సూచన కూడా రోజంతా నిలబడమని కాదు. పని గంటల్లో 2 గంటలు నిలబడటం, తేలికగా నడవడం మొదలుపెట్టి క్రమంగా 4 గంటలకు చేర్చమని. అందులో చాలా భాగం బల్ల లేకుండానే కుదురుతుంది: ఫోను మాటలు నడుస్తూ మాట్లాడవచ్చు, నీళ్లకు పెద్ద సీసా బదులు చిన్న గ్లాసు పెట్టుకుంటే అరగంటకోసారి లేవక తప్పదు. మంచం, సోఫా ఈ పోటీలోకే రావు. కుర్చీకి బదులు పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోవడం సరదా మాత్రమే.

ఈ బేరీజు అంతా కూర్చుంటే వచ్చి, లేచి తిరిగితే తగ్గే నొప్పులకే వర్తిస్తుంది. చేతివేళ్లు తిమ్మిరెక్కడం, నడుమునుంచి కాలిలోకి నొప్పి పాకడం, పట్టు సడలి చేతిలోని వస్తువులు జారిపోవడం కనిపిస్తే పుస్తకాల దొంతరలు సవరించుకుంటూ కూర్చోకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మూత్రంపై అదుపు తప్పితే మాత్రం ఆ రోజే వెళ్లాలి.