మందు పెట్టె మీద ఆ ఒక్క లైను: ఆరేళ్ల వాడకం తర్వాత

పశువుల మందుల లేబుల్ మీద పశువు తల బొమ్మ, ‘మనుషులకు కాదు’ అన్న మాట అందరూ చూసేవే. నేను రాసేది ‘విత్‌డ్రాయల్ పీరియడ్’ లైను గురించి. మందు ఆపాక ఎన్నాళ్లు పాలు వాడకూడదో చెప్పే లైను అది. మన దేశంలో 2012లో దీన్ని తప్పనిసరి చేశారు. పాడి మొదలుపెట్టిన ఈ ఆరేళ్లలో నాకు ఇంతగా అక్కరకొచ్చిన నిబంధన ఇంకోటి లేదు.

మొన్న చలికాలంలో మా పెద్ద గేదెకు పొదుగువాపు వచ్చింది. చన్నులోకి ఎక్కించే ట్యూబులు మూడు రోజులు వాడాం. పెట్టె మీద 96 గంటలని ఉంది. క్యాలెండర్‌లో గీత గీసుకుని, గడువు దాటాక మొదటి పూట పాలు కేంద్రానికి పోయకుండా ఇంట్లోనే ఉంచాను. అత్తయ్య తోడు పెట్టింది. తెల్లారి చూస్తే పైన మీగడ, కింద పాలు పాలలాగే ఉన్నాయి. పక్క గిన్నెలో చిన్న గేదె పాలు మాత్రం గట్టిగా తోడుకున్నాయి.

"రెండింటికీ ఒకే తోడు వేశానమ్మా, ఈ పాలలోనే ఏదో ఉంది" అంది అత్తయ్య.

అప్పుడు గుర్తొచ్చింది, జ్వరానికని ట్యూబులతో పాటు ఇంజెక్షన్లు కూడా చేయించాం. చెత్తలోంచి సీసా వెతికి తీశాను. లేబుల్ తడిసి అక్షరాలు చెరిగిపోయాయి. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, పరీక్షించి తేల్చిన గడువు లేని మందుకు పాలకైనా గుడ్లకైనా 7 రోజులు, మాంసానికి 28 రోజులు తగ్గకూడదని నిబంధనలోనే ఉందన్నారు. రెండు మందులు వాడితే ఏది ఎక్కువైతే అది, అదీ ఆఖరి డోసు నుంచి లెక్కపెట్టాలి. నేను ట్యూబు గడువొక్కటే చూశాను. మిగిలిన రోజుల పాలు గుంటలో పారబోశాం, దూడకూ పట్టలేదు. పోసేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. అయినా ఆ పాలు పసిపిల్లలున్న ఇళ్లకు వెళ్లేవి కదా.

లైను చూసుకుంటే చాలని ఇదివరకు చుట్టాలందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అలా అనను. షాపుల్లో ట్యూబు విడిగా చేతిలో పెడతారు, పెట్టె అక్కడే ఉండిపోతుంది. ఉన్న లైను కూడా చీమ తలంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. నాకున్నవి రెండు గేదెలు, నేను చదవగలను కాబట్టి నాకు సరిపోతోంది. పది పశువులుండి, పాలు పితికే మనిషి వేరైతే ఎంతవరకు కుదురుతుందో చెప్పలేను. పెరుగు తోడుకుంది కదా అని ధీమా పడొద్దని కూడా డాక్టరుగారు చెప్పారు, తోడుకున్నంత మాత్రాన మందు పూర్తిగా పోయినట్టు కాదట.

ఇప్పుడు ఇంజెక్షన్ చేసే ముందే సీసాను ఫోన్‌లో ఫోటో తీసుకుంటున్నాను. ఆ ఫోటోలో కూడా గడువు చదవాలంటే పెద్దది చేసుకోవాల్సి వస్తోంది.